తాతగారి పెట్టెలో దొరికిన పాత నాణేలు: ఏది కడగాలి, దేన్ని ముట్టుకోకూడదు

మీరు అడిగింది ఇదీ. తాతగారి ట్రంకుపెట్టెలో గుడ్డమూట కట్టిన నాణేలు దొరికాయి. చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం వెండి రూపాయలు, ఒక విక్టోరియా రూపాయి, రాజు బొమ్మ ఉన్న జార్జి రూపాయలు రెండు, కొన్ని రాగి కాణీలు, చిల్లు కాణీలు, అల్యూమినియం పైసలు, ఎప్పుడో పొలంలో దొరికాయని ఇంట్లో చెప్పుకునే బరువైన బూడిదరంగు నాణేలు రెండు. వెండివి నల్లబడ్డాయి, రాగివాటికి పచ్చటి చిలుము పట్టింది. అమ్మగారు చింతపండు, ఉప్పు వేసి తోమేద్దామంటున్నారు. అమెరికా నుంచి వచ్చిన తమ్ముడు వెళ్లేలోపు తన వాటా తీసుకెళ్తానంటున్నాడు.

ముందు అమ్మగారికి నచ్చజెప్పి ఆ చింతపండు పక్కన పెట్టించండి. మిగతావన్నీ నిదానంగా చూసుకోవచ్చు, ఇదొక్కటి మాత్రం జరిగిపోతే వెనక్కి తీసుకోలేం.

చింతపండులో టార్టారిక్ ఆమ్లం ఉంటుంది. అది రాగి మీద ఏర్పడ్డ పొరను కరిగిస్తుంది, ఉప్పు ఆ పనిని ఇంకా వేగంగా జరిగేలా చేస్తుంది. రాగి చెంబును అలా తోమడంలో తప్పేమీ లేదు. చెంబును నాలుగు రోజులకోసారి ఎలాగూ తోముతూనే ఉంటాం, పైగా దాని మీద పోగొట్టుకోవడానికి అక్షరాలు లేవు. కాణీ సంగతి వేరు. తోమగానే అది పచ్చి మాంసం రంగులోకి, ఒక రకమైన గులాబీ రంగులోకి వస్తుంది. వాడుకలో ఉన్న రోజుల్లో కూడా ఏ కాణీ ఆ రంగులో ఉండేది కాదు. నాణేల గురించి కాస్త తెలిసినవాళ్లు ఎవరైనా అది తోమిన నాణెమని చూడగానే చెప్పేస్తారు. దీనికంటే పెద్ద నష్టం తర్వాత వస్తుంది. ఉప్పులోని క్లోరైడ్ నాణెం పైనున్న కంటికి కనిపించని గుంటల్లో, అక్షరాల మూలల్లో మిగిలిపోతుంది. ఎంత కడిగినా పూర్తిగా వదలదు. వానాకాలంలో గాలిలో తేమ పెరిగినప్పుడు ఆ క్లోరైడ్ రాగితో కలిసి లేత ఆకుపచ్చ పొడిగా పైకి పొంగుతుంది. ఆ క్రమంలో పుట్టే ఆమ్లం కింద ఉన్న రాగిని మళ్లీ తింటుంది, మళ్లీ పొడి పుడుతుంది. తేమ అందినంతకాలం ఇది ఆగదు. దీన్ని ఇంగ్లీషులో బ్రాంజ్ డిసీజ్ అంటారు. మెరిపిద్దామని ఉప్పు రాస్తే, ఆ జబ్బును మన చేతులతో మనమే అంటించినట్టవుతుంది.

నిమ్మకాయ ఉప్పు, వెనిగర్, కూల్‌డ్రింకు, బాత్రూమ్ కడిగే యాసిడ్, ఇత్తడి సామాను తోమే పొడులు, టూత్‌పేస్టు, విభూతి, ఇటుకపొడి, ముగ్గుపిండి అన్నింటికీ నా జవాబు ఇదే. వీటిలో కొన్ని లోహాన్ని కరిగిస్తాయి, కొన్ని గీస్తాయి, కొన్ని రెండు పనులూ చేస్తాయి. యూట్యూబ్‌లో నల్లటి నాణెం అరనిమిషంలో తళతళలాడే వీడియోలు చూసే ఉంటారు. ఆ నాణెం ఆరునెలల తర్వాత ఎలా ఉందో ఆ వీడియోలో చూపించరు.

మురికికి, పాతబడినందువల్ల ఏర్పడే పొరకు తేడా తెలిస్తే మిగతా నిర్ణయాలన్నీ సులువవుతాయి. మట్టి, చేతి జిడ్డు, దీపం మసి, పసుపు, కుంకుమ, ప్లాస్టిక్ కవరు వదిలిన బంక ఇవన్నీ బయటి నుంచి వచ్చి నాణెం మీద కూర్చున్నవి. వీటిని తీయొచ్చు, చాలాసార్లు తీయాలి కూడా. వెండి మీద నలుపు, రాగి మీద గోధుమరంగు, గట్టిగా నున్నగా ఉండే ముదురాకుపచ్చ మాత్రం నాణెం లోహమే గాలితో, తేమతో కలిసి మారిన రూపం. ఆ పొరను తీస్తున్నామంటే నాణెం పైపొరనే తీస్తున్నామన్నమాట. ముద్రించిన అక్షరాలు, బొమ్మల అంచులు ఉండేది ఆ పైపొరలోనే.

మీ దగ్గరున్న నాణేలనే తీసుకుని చెబుతాను.

నిజాం రూపాయి మీద చార్మినార్ మధ్య ద్వారంలోకి భూతద్దం పెట్టి చూడండి. అక్కడ అరబీ లిపిలో ఒక చిన్న అక్షరం ఉంటుంది. మీమ్ ఉంటే ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంది, ఐన్ ఉంటే ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ కాలంది. ఉస్మాన్ అలీఖాన్ 1911లో గద్దెనెక్కాడు. ఆ తొలి రోజుల నాణేల్లో ఐన్‌ను కురచగా చెక్కినవి, పూర్తిగా చెక్కినవి అని రెండు రకాలున్నాయి, సేకరించేవాళ్లు వీటిని విడివిడిగా వెతుక్కుంటారు. ఆ అక్షరం ఆవగింజంత ఉంటుంది. పాలిష్ గుడ్డతో నాలుగుసార్లు రుద్దితే దాని అంచులు మొద్దుబారిపోయి ఏ రకమో చెప్పలేని స్థితికి వస్తుంది.

విక్టోరియా రూపాయి మీద 1862 అని ఉందేమో చూడండి. 1862 సంవత్సరాన్ని మార్చకుండానే 1874 దాకా రూపాయలు ముద్రించారు. అసలు ఏ ఏడాదివో గుర్తుపట్టేందుకు చిన్నచిన్న చుక్కలు పెట్టారు. ఎన్ని చుక్కలు, ఎక్కడున్నాయి అన్నదాన్ని బట్టి ఆ నాణెం ఎంత అరుదో తేలుతుంది. అలాగే ఆరో జార్జి రూపాయల్లో లాహోర్ టంకశాలలో ముద్రించినవాటికి ఎల్ అక్షరం ఉంటుంది, బొంబాయివాటికి చిన్న గుర్తు ఉంటుంది. నాణేన్ని తోమినప్పుడు ముందు పోయేవి ఇలాంటి చిన్న గుర్తులే. పెద్ద బొమ్మ మిగిలే ఉంటుంది కాబట్టి ఏమీ పోలేదనే అనుకుంటాం.

ఇంకో సంగతి. నాణెం అచ్చు కింద పడినప్పుడు లోహం మధ్య నుంచి అంచువైపు పారుతుంది. ఆ పారిన సన్నటి గీతల వల్లే కొత్త నాణేన్ని దీపం కింద తిప్పితే వెలుగు చక్రంలా తిరుగుతుంది. వాడకంలో ఎక్కువ తిరగని నాణెమైతే నల్లటి పొర కింద ఆ మెరుపు ఇంకా ఉంటుంది. పాలిష్ చేస్తే వచ్చే తళుకు వేరు, అది అన్నివైపులా ఒకేలా, చదునుగా, స్టీలు గరిటెలా ఉంటుంది. పోయిన అసలు మెరుపును తిరిగి తెచ్చే మందు ఎక్కడా లేదు. అందుకే విదేశాల్లో నాణేలకు గ్రేడు వేసే సంస్థలు తోమిన నాణెం దొరికితే మామూలు గ్రేడు ఇవ్వకుండా, శుభ్రం చేసినదని చీటీ మీదే రాసేస్తాయి. మన దగ్గర నాణేల వ్యాపారులు చీటీ రాయరు కానీ, ధర మాత్రం వెంటనే తగ్గిస్తారు.

కాబట్టి మీ వెండి రూపాయల నలుపును అలాగే ఉంచేయమనే నా సలహా. ఆ నలుపు సిల్వర్ సల్ఫైడ్, గాలిలో కొద్దికొద్దిగా ఉండే గంధకపు వాయువుల వల్ల ఏళ్ల తరబడి ఏర్పడింది. పలచగా సమంగా పరుచుకుంటే నీలం, ఊదా, బంగారు ఛాయలు కూడా కనిపిస్తాయి. అలాంటివాటికి ఎక్కువ ధర ఇచ్చి కొనేవాళ్లున్నారు.

ఇక కడగడం.

మొదలుపెట్టే ముందు ప్రతి నాణేనికీ రెండువైపులా ఫోటో తీయండి. కిటికీ దగ్గర పగటి వెలుతురులో తీయండి, ఫ్లాష్ వద్దు. గుడ్డమూటలో ఏదైనా చీటీ ఉంటే దాన్ని కూడా జాగ్రత్త చేయండి, పారేయొద్దు. తర్వాత లోహాన్ని బట్టి వేరు చేయండి. వేర్వేరు లోహాలు నీళ్లలో ఒకదానికొకటి తగిలి ఉంటే వాటిలో బలహీనమైనది త్వరగా దెబ్బతింటుంది, అల్యూమినియం పైసలకు ఆ ప్రమాదం ఎక్కువ. అన్నింటినీ ఒక గిన్నెలో పోసి గలగలా తిప్పడం అసలు వద్దు. ఒకదానికొకటి తగిలి పడే గీతలు చాలా లోతుగా ఉంటాయి.

నీళ్లు డిస్టిల్డ్ వాటర్ అయి ఉండాలి. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే నీళ్లు బ్యాటరీ షాపుల్లో దొరుకుతాయి, అవి చాలు. కుళాయి నీళ్లలో క్లోరిన్, బోరు నీళ్లలో లవణాలు ఉంటాయి. మనం తప్పించుకోవాలనుకునేది సరిగ్గా వాటినే. ఒక గాజు గిన్నెలో అడుగున మెత్తటి నూలు గుడ్డ పరిచి, గోరువెచ్చటి డిస్టిల్డ్ నీళ్లు పోసి, చిన్నపిల్లల షాంపూ ఒక్క చుక్క వేయండి. ఒక్కో నాణేన్నీ విడిగా అందులో నానబెట్టండి. అరగంట తర్వాత వేళ్లతో అంచులు పట్టుకుని మెల్లగా అటూ ఇటూ ఆడించండి. మట్టి గట్టిగా అంటుకుని ఉంటే ఆ రాత్రంతా నీళ్లు మారుస్తూ నాననివ్వండి. అప్పటికీ వదలని మట్టిని టూత్‌పిక్ మొనతోనో సన్నగా చెక్కిన వెదురుపుల్లతోనో, నాణెం తడిగా ఉండగానే, భూతద్దం కింద ఒక్కో చోట నెట్టాలి. సూది, బ్లేడు, వైర్ బ్రష్, స్క్రబ్బర్ లాంటివి దగ్గరికి రానీయొద్దు. టూత్‌బ్రష్ ఎంత మెత్తటిదైనా వెండి మీద వాడొద్దు, వెండి మనం అనుకునేదానికంటే మెత్తటి లోహం. ఇసుకరేణువు ఒక్కటి బ్రష్ కింద ఇరుక్కున్నా గీత పడుతుంది.

షాంపూ పోయేదాకా కొత్త డిస్టిల్డ్ నీళ్లలో రెండుమూడుసార్లు ముంచి తీయండి. తర్వాత పాత పంచె ముక్క లాంటి ఉతికి ఉతికి మెత్తబడిన నూలు గుడ్డ మీద పెట్టి, పైన ఇంకో మడత వేసి అద్దండి. తుడవకండి, అద్దండి. ఆ తర్వాత ఫ్యాను కింద నీడలో ఒక పూటంతా ఆరనివ్వండి. అక్షరాల మూలల్లో, చిల్లు కాణీ రంధ్రం అంచున తడి కనిపించకుండా దాక్కుంటుంది. ఆవకాయ జాడీలోకి తడి గరిటె పోకుండా ఎంత జాగ్రత్త పడతామో ఇక్కడా అంత జాగ్రత్త కావాలి.

జిడ్డు, మసి, పూజలో పెట్టినందువల్ల అంటిన కుంకుమ, పాత ప్లాస్టిక్ ఆల్బమ్ వదిలిన పచ్చటి బంక నీళ్లకు పోవు. వీటికి స్వచ్ఛమైన అసిటోన్ కావాలి, రసాయనాల దుకాణంలో దొరుకుతుంది. గోళ్ల రంగు తీసే ద్రవం స్వచ్ఛమైన అసిటోన్ కాదు, అందులో సువాసనలు, నూనెలు కలుపుతారు. పెయింట్ షాపులో ఇచ్చే థిన్నర్ కూడా కాదు. అసిటోన్ లోహంతో కలవదు, జిడ్డును మాత్రమే కరిగిస్తుంది కాబట్టి నాణెం రంగు మారదు. గాజు గిన్నెలో నాణెం మునిగేంత పోసి, మూత పెట్టి, కాసేపటికి తీసి, ఇంకో గిన్నెలో కొత్త అసిటోన్‌లో ముంచి ఆరబెట్టండి. ఇది చాలా తేలిగ్గా నిప్పంటుకునే ద్రవం. వంటింట్లో, పూజగదిలో, దీపం ఉన్నచోట తెరవనే వద్దు. బాల్కనీలోనో, కిటికీలన్నీ తీసి ఉన్న గదిలోనో చేయండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. ప్లాస్టిక్ గిన్నె వాడితే ఆ గిన్నే కరిగి నాణేనికి అంటవచ్చు.

వెండి రూపాయలకైతే ఇంతే. నీళ్లు, అవసరమైతే అసిటోన్, ఆరబెట్టడం, అంతకు మించి ఏమీ లేదు. మీ విక్టోరియా రూపాయి 11.66 గ్రాముల బరువుతో 91.7 శాతం వెండి. నిజాం రూపాయి (దీన్నే హాలీ రూపాయి అంటారు) 11.18 గ్రాములకు కొంచెం తక్కువ, వెండి 81.8 శాతం. నిజాం రూపాయల్లో రాగి పాలు ఎక్కువ కాబట్టి వాటి మీద అక్కడక్కడా పచ్చటి మచ్చలు కనిపించవచ్చు, అది కల్తీకి గుర్తేమీ కాదు. జార్జి రూపాయలు 1940 నుంచి వచ్చినవైతే వెండి సగమే. మిగతాది 40 శాతం రాగి, చెరో 5 శాతం నికెల్, జింకు. వీటిని ఆమ్లంలో ముంచితే పైనున్న తెల్లటి పలచటి పొర పోయి కింది ఎరుపు ఛాయ బయటపడుతుంది, నాణెం చూడ్డానికి జబ్బు చేసినట్టుంటుంది. 1947 నాటి పులి బొమ్మ రూపాయి ఉంటే అందులో వెండి అసలు లేదు, పూర్తిగా నికెల్. అయస్కాంతానికి అంటుకుంటుంది. దాన్ని సబ్బునీళ్లతో కడిగితే చాలు.

అల్యూమినియం ఫాయిల్, వంటసోడా, వేడినీళ్ల పద్ధతి గురించి ఎలాగూ అడుగుతారు, అందుకని ఇప్పుడే చెప్పేస్తాను. అందులో రసాయనశాస్త్రం సరైనదే. ఫాయిల్‌కు తగిలిన వెండి మీది సల్ఫైడ్ తిరిగి వెండిగా మారుతుంది, గంధకం విడిపోతుంది. కుళ్లిన గుడ్డు వాసన అందుకే వస్తుంది. వెండి కుందులకు, పట్టీలకు అది పనికొస్తుంది. నాణెం మీద మాత్రం అలా తిరిగొచ్చిన వెండి మసకగా, జీవం లేనట్టు ఉంటుంది, పైగా మామూలుకంటే త్వరగా మళ్లీ నల్లబడుతుంది. నగల షాపుల్లో దొరికే వెండి ముంచుడు ద్రవాలు కూడా అంతే, ప్రతిసారీ కొంత వెండిని తీసుకుపోతాయి. వరలక్ష్మీ వ్రతానికి కలశంలో వేసుకోవడానికి తెల్లగా ఉన్న రూపాయి ఒకటి కావాలని అమ్మగారు అంటే, అన్నింటిలోకి బాగా అరిగిపోయి తారీఖు కూడా కనిపించని నాణేన్ని ఎంచుకుని దానికి ఫాయిల్ పద్ధతి చేయండి. ఆ ఇష్టాన్ని నేను తప్పుపట్టను. ఇంట్లో పూజలో ఉండటం కూడా ఆ నాణేనికి ఒక మర్యాదే. చేసిన తర్వాత దానికి పసుపూ కుంకుమా నేరుగా అద్దకుండా తమలపాకు మీద పెడితే చాలా ఏళ్లు బాగుంటుంది.

అల్యూమినియం పైసలకు మాత్రం సోడా ఏదీ తగలనివ్వొద్దు. చాకలి సోడా అయితే చూస్తుండగానే లోహాన్ని తినేస్తుంది. షాంపూ నీళ్లలో కాసేపు ముంచి వెంటనే ఆరబెట్టండి.

ఇక రాగి గురించి. మీరు ఎక్కువ భయపడుతున్నది ఈ చిలుము చూసే అనిపిస్తోంది. నిజంగా శ్రద్ధ పెట్టాల్సింది కూడా ఇక్కడే. చిలుము అంతా ఒకటి కాదు. భూతద్దం కింద చూసి టూత్‌పిక్ మొనతో తాకండి. ముదురాకుపచ్చగా, నున్నగా, పుల్లకు గట్టిగా తగిలితే అది స్థిరపడిన పొర. దానివల్ల హాని లేదు, కింది లోహానికి అదే కాపు. దాన్ని వదిలేయండి. లేత ఆకుపచ్చగా, పౌడరులా రాలుతూ, కింద చిన్న గుంట కనిపిస్తే అది నేను పైన చెప్పిన క్లోరైడ్ జబ్బు. అలాంటి నాణేన్ని వెంటనే మిగతావాటి నుంచి వేరు చేయండి. ఒకదాని నుంచి ఇంకొకదానికి నేరుగా పాకే అంటువ్యాధి కాకపోయినా, ఆ పొడి, ఆ తేమ పక్కవాటి మీద పడటం మంచిది కాదు.

ఆ జబ్బుకు ఇంట్లో చేయగలిగింది కొంతే. పొడిని పుల్లతో పొడిగానే తీసేయాలి. తర్వాత డిస్టిల్డ్ నీళ్లలో నానబెట్టి, కొద్దిరోజులకోసారి నీళ్లు మారుస్తూ వారాల తరబడి ఉంచాలి. క్లోరైడ్ కొద్దికొద్దిగా నీళ్లలోకి దిగుతుంది. తర్వాత అసిటోన్‌లో ముంచి లోపలి తడిని లాగేసి, పూర్తిగా ఆరబెట్టి, తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసిన గాలి చొరని డబ్బాలో పెట్టాలి. తేమ అందకపోతే జబ్బు నిద్రపోతుంది. రెండు మూడు వారాలకోసారి తెరిచి చూడండి, మళ్లీ పొడి కనిపిస్తే మొదటికి రావాలి. మ్యూజియంలలో దీనికి బెంజోట్రయజోల్ అనే రసాయనం వాడతారు, అది విషపూరితం, ఇంట్లో వద్దు. మీరుండేది విశాఖపట్నం కాబట్టి సముద్రపు గాలిలో ఉప్పూ తేమా రెండూ ఉంటాయి. అదే నాణెం ఇన్నేళ్లు హైదరాబాద్‌లో ఏమీ కాకుండా ఉండి, మీ ఇంటికొచ్చిన తొలి వానాకాలంలోనే పచ్చబడటంలో ఆశ్చర్యమేమీ లేదు.

చిల్లు కాణీలు 1943 నుంచి 1947 దాకా వచ్చినవి, యుద్ధకాలంలో లోహం ఆదా చేయడానికి మధ్యలో రంధ్రం పెట్టారు. ఇవి ఇప్పటికీ చాలా ఇళ్లలో ఉన్నాయి, పెద్ద ధర పలకవు. మట్టి నిదానంగా తీయడం అలవాటు కావడానికి వీటితో మొదలుపెట్టండి. చెయ్యి కుదిరాక వెండి రూపాయల జోలికి వెళ్లండి.

రాగి నాణేలకు కడిగాక కొబ్బరినూనె రాసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. అది మానేయండి. నూనెలోని కొవ్వు ఆమ్లాలు రాగితో కలిసి పచ్చటి మడ్డిలా తయారవుతాయి, దుమ్మును కూడా పట్టుకుంటాయి. మట్టి బాగా బిగుసుకున్న రాగి నాణేన్ని నూనెలోనే నానబెట్టాలనుకుంటే మెడికల్ షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్ వాడండి, అది ఖనిజ నూనె, లోహంతో కలవదు. తర్వాత అసిటోన్‌తో దాన్ని కడిగేయాలి.

మొబైల్ ఛార్జర్ వైరు కోసి ఉప్పునీళ్లలో కరెంటు పెట్టి శుభ్రం చేసే పద్ధతి కూడా ప్రచారంలో ఉంది. ఉప్పునీళ్లలో కరెంటు పోతే క్లోరిన్ వాయువు పుడుతుంది, అది ఊపిరితిత్తులకు ప్రమాదం. రెండో తీగకు స్టీలు చెంచా కడితే నీళ్లలోకి విషపూరితమైన క్రోమియం కూడా దిగుతుంది. నాణెం సంగతి తర్వాత, మనుషుల ఆరోగ్యం కోసమైనా ఇది ఎవరూ చేయొద్దు.

పొలంలో దొరికిన ఆ రెండు బూడిదరంగు నాణేల గురించి విడిగా చెప్పాలి. చేతికి చాలా బరువుగా, మెత్తగా, మసకగా ఉన్నాయని రాశారు. సీసం కావచ్చు. మన ప్రాంతంలో శాతవాహనులు సీసంతో, పోటిన్ అనే మిశ్రమలోహంతో విరివిగా నాణేలు వేశారు. జగిత్యాల జిల్లా కోటిలింగాలలో దొరికిన తొలి శాతవాహన నాణేల వల్ల చరిత్రే కొత్తగా రాసుకోవాల్సి వచ్చింది. ఏనుగు బొమ్మగానీ, అడ్డంగా నిలువుగా గీసిన గీతల చివర నాలుగు వలయాలున్న గుర్తుగానీ కనిపిస్తుందేమో చూడండి, ఆ రెండోదాన్ని ఉజ్జయిని చిహ్నం అంటారు.

వీటిని కడగొద్దు. సీసానికి వెనిగర్, చింతపండు, నిమ్మ ఏదైనా శత్రువే. డిస్టిల్డ్ నీళ్లలో ఎక్కువసేపు నానబెట్టినా సీసం దెబ్బతింటుంది. మిగతా నాణేలకు మంచిదైన నీరే దీనికి చెడు చేస్తుంది. చెక్కపెట్టె నుంచి, చవకరకం అట్టపెట్టె నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరులు చాలు దాని మీద తెల్లటి పొడి లేవడానికి. ఆ పొడి సీసపు లవణం, ఒంట్లోకి పోతే విషం. మాస్కు కట్టుకుని, చేతులకు గ్లవ్స్ వేసుకుని, బయట కాగితం పరుచుకుని, ఆరిన మట్టిని మాత్రం మెత్తటి పెయింట్ బ్రష్‌తో తేలిగ్గా దులపండి. ఊదకండి. తర్వాత కాగితం మడిచి పారేసి చేతులు సబ్బుతో కడుక్కోండి. చిన్నపిల్లల చేతికి ఇవ్వకండి.

ఇంకా ముఖ్యం, భూమిలో దొరికిన పాత నాణేలకు చట్టం ఉంది. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం నేలలో దాగి ఉండి దొరికిన పది రూపాయల విలువకు మించిన నిధి ఏదైనా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. ఎప్పుడు, ఎవరికి, ఎక్కడ దొరికాయో పెద్దవాళ్లను అడిగి రాసిపెట్టుకుని, పురావస్తు శాఖ వాళ్లను సంప్రదించండి. నాణెం ఏ ఊరి ఏ పొలంలో దొరికిందన్న సమాచారం పోతే దాని విలువలో సగం పోయినట్టే, చరిత్రకైతే ఇంకా ఎక్కువే నష్టం. రెండు వేల ఏళ్ల నాటి నాణెం మీద ఉన్న మట్టి కూడా పరిశోధకులకు పనికొస్తుంది, అందుకే దాన్ని అలాగే ఉంచమంటున్నాను.

దాచడం గురించి కొంచెం. మెత్తగా, వంచితే వంగే, కొత్తబ్యాగు వాసన వచ్చే ప్లాస్టిక్ కవర్లు పీవీసీవి. కొన్నేళ్లకు వాటిలోంచి ఆమ్లం, బంక దిగి నాణేనికి అంటుతాయి. మైలార్ అనే పారదర్శక పొర అంటించిన అట్ట హోల్డర్లు, పాలీప్రొపిలిన్ పేజీలు, గట్టి ప్లాస్టిక్ గుండ్రటి డబ్బీలు వాడండి. అట్ట హోల్డరుకు స్టేపుల్ పిన్ను కొడితే దాని కొసలు పక్క నాణేన్ని గీయకుండా నొక్కి పెట్టండి. సీసం వాటికి అట్ట వద్దు, పాలీప్రొపిలిన్ డబ్బీయే. రబ్బరు బ్యాండు ఎప్పుడూ చుట్టొద్దు, రబ్బరులో గంధకం ఉంటుంది, వెండి మీద బ్యాండు ఆకారంలో నల్లటి గీత పడుతుంది. పూజగది అల్మరా, వంటింటి గోడకు ఆనుకున్న బీరువా, కలరా ఉండలు వేసిన చీరల అర ఇవేవీ మంచి చోట్లు కావు. పడకగది బీరువాలో, బిగుతు మూత డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టండి. జెల్ రంగు మారితే మార్చండి. నాణేన్ని ఎప్పుడు పట్టుకున్నా అంచులు పట్టుకోండి. వేలిముద్రలోని చెమట వెండి మీద, రాగి మీద కొన్ని నెలల్లో చెరగని మచ్చ అవుతుంది.

చివరగా తమ్ముడి సంగతి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు నిండిన నాణేలు పురావస్తువుల కిందకొస్తాయి, వాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. విమానాశ్రయంలో పట్టుబడితే నాణేలు పోవడమే కాదు, కేసు కూడా అవుతుంది. విక్టోరియా రూపాయి, పొలంలో దొరికినవి ఎట్టి పరిస్థితుల్లోనూ అతని సామానులో ఉండకూడదు. నిజాం రూపాయల మీద ఉండేది హిజ్రీ సంవత్సరం, దాన్ని మార్చి లెక్కపెట్టుకోవాలి. 1340 అని ఉంటే అది 1921-22, అంటే వందేళ్లు దాటేసింది. అంతకంటే ముందువన్నీ కూడా అంతే. 1940ల నాటి జార్జి రూపాయలు, చిల్లు కాణీలు, పైసలు వందేళ్ల లోపువే. అయినా అధికారులకు తారీఖు చదివి చూపించాల్సి రావచ్చు, కాబట్టి తారీఖు స్పష్టంగా కనిపించేవే ఎంచుకోమనండి. అనుమానం ఉన్నవాటికి పురావస్తువు కాదని భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ ధ్రువపత్రం ఇస్తుంది. ప్రయాణం దగ్గర పడితే ఆ పనికి సమయం చాలకపోవచ్చు. అలాంటప్పుడు అతని వాటా మీ దగ్గరే విడి డబ్బాలో, పేరు రాసి దాచిపెట్టండి.